తిప్పి పంపినవాళ్ళ లెక్క

ఆ కాలేజీలో అందరూ ఆవిడని జల్లెడ మేడం అనేవారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఆ మాట ఆవిడ చెవిన పడనిదేమీ కాదు. పడినా పెద్దగా బాధపడలేదు. పైగా లోలోపల కాస్త మురిసిపోయింది కూడా. కంప్యూటర్ భద్రత మీద లోకంలో ఏటా జరిగే నూట నలభై కాన్ఫరెన్సులను మొదటి తరగతి, రెండో తరగతి, మూడో తరగతి అని విడగొట్టి జాబితా తయారుచేసేది ఆవిడే మరి. మూడేళ్ళకోసారి ఆ జాబితా వచ్చేది. లెక్చరర్లు దాన్ని పరీక్ష ఫలితాలు చూసుకున్నట్టు గుండెలు చిక్కబట్టుకుని చూసుకునేవారు. ఎందుకంటే మూడో తరగతి కాన్ఫరెన్సులో చదివిన పేపరు ఆ కాలేజీ లెక్క ప్రకారం పేపరే కాదు.

జాబితా తయారీ పద్ధతి కూడా ఆవిడదే. ప్రతి కాన్ఫరెన్సు కార్యదర్శికీ ఒక ఫారం పంపేది. అందులో రెండే గళ్ళు. ఎన్ని పేపర్లు వచ్చాయి, ఎన్ని తీసుకున్నారు. నూటికి ఎనభైకి మించి తిప్పి పంపితే మొదటి తరగతి. అరవై దాటితే రెండోది. ఆ కిందవన్నీ మూడోదే. ఇందులో మొహమాటాలకు చోటు లేదు, సిఫారసులు పనిచేయవు, ఎవరి పప్పులూ ఉడకవు. ఆ సంగతి చెప్పుకోవడం ఆవిడకి ఇష్టం.

ఈసారి జాబితా సోమవారం కమిటీ ముందుకు వెళ్ళాలి. శుక్రవారం మధ్యాహ్నం తాళాల అమ్మాయి ఆవిడ గది తలుపు దగ్గర నిలబడింది. ఆ అమ్మాయి లెక్చరరుగా చేరి రెండేళ్ళయింది. కార్డు తాకిస్తే తెరుచుకునే తలుపుల మీద పరిశోధన చేస్తుంది కాబట్టి ఆ పేరు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం కావాలంటే లెక్కలోకి వచ్చే పేపరు ఒక్కటైనా ఉండాలి. ఉన్నది ఒక్కటే, అదీ ఒక చిన్న కాన్ఫరెన్సులో చదివింది.

"మేడం, మా కాన్ఫరెన్సు ఎక్కడ పడుతోందో ఒక్క మాట చెప్పగలరా? లెక్కలోకి రాకపోతే ఇప్పుడే వేరే ఉద్యోగం వెతుక్కుంటాను. ఈ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలో అక్కర్లేదో మా అన్నయ్యకి చెప్పాలి."

"సోమవారం దాకా ఆగమ్మా. ముందే చెప్పకూడదు," అంది మేడం.

చెప్పకూడదన్నది నిజమే. చెప్పడానికి మనసు రాలేదన్నది అంతకంటే నిజం. పాత ఫారాల్లో ఆ చిన్న కాన్ఫరెన్సు లెక్క ఎప్పుడూ ఒకటే. ఎనభై వచ్చాయి, నలభై తీసుకున్నారు. సగానికి సగం. మూడో తరగతి, అందులోనూ అట్టడుగున. ఈ ఏటి ఫారం ఇంకా రాలేదు గానీ, వచ్చి మాత్రం ఏం మారుతుంది? అమ్మాయి తల ఊపి వెళ్ళిపోయింది. ఏడవలేదు, బతిమాలలేదు. బతిమాలి ఉంటే మేడంకి కాస్త తేలికగా ఉండేది. కసురుకుని పంపేసేది.

శనివారం భోజనాల దగ్గర అత్తగారు పట్టుకున్నారు. ఆవిడ నలభై ఏళ్ళు బట్టలు కుట్టి, చూపు మందగించాక కొట్టు మూసేసిన మనిషి. చూపు మందగించింది గానీ ఎదుటివాళ్ళ ముఖం చదవడంలో మాత్రం ఏమీ తగ్గలేదు.

"ఏంటమ్మాయ్, కంచంలో చెయ్యి పెట్టి ఎటో చూస్తున్నావు?"

మేడం చెప్పింది. జాబితా గురించి, గళ్ళ గురించి, తాళాల అమ్మాయి గురించి. అత్తగారు నములుతూ విన్నారు.

"అంటే ఎంతమందిని గెంటేస్తే అంత గొప్పదన్నమాట, మీ కాన్ఫరెన్సు."

"అలా కాదత్తయ్యా. మంచిచోటికి ఎక్కువమంది వస్తారు కదా. అందుకని ఎక్కువమందిని తిప్పి పంపాల్సి వస్తుంది."

"నా కొట్టుకీ వచ్చేవాళ్ళు. గుడ్డ చాలకపోతే చేత్తో కొలిచి, ఇంకో మూర తెచ్చుకోమ్మా అని గుమ్మంలోంచే పంపేసేదాన్ని. కత్తెర పడ్డ గుడ్డనే పుస్తకంలో రాసుకునేదాన్ని. నీ లెక్కలో నేను మూడో తరగతి దర్జీనేగా?"

"బట్టలు వేరు, ఇది వేరు," అంది మేడం. అత్తగారు ఇంకో ముద్ద కలుపుకున్నారు.

ఆ సాయంత్రమే చిన్న కాన్ఫరెన్సు నుంచి ఫారం వచ్చింది. ఇంతకుముందు ఉన్న కార్యదర్శి రెండు గళ్ళూ నింపి ఊరుకునేవాడు. ఈసారి ఎవరో కొత్తావిడ. పద్ధతి తెలియనిదో, చాదస్తం ఎక్కువో, రెండు గళ్ళు నింపి కింద ఇంత ఉత్తరం రాసింది. ఎనభై పేపర్లు వచ్చాయి, నలభై తీసుకున్నాం, నిజమే. అయితే మా దగ్గర మొదటినుంచీ ఒక అలవాటుంది. పూర్తి పేపరు రాయకముందే ఒక్క పేజీలో సంగతి చెప్పమంటాం. ఇద్దరు పెద్దలు దాన్ని చదివి జవాబు రాస్తారు. ఇంకా పండలేదనిపిస్తే, ఫలానా రెండు పనులు చేసి వచ్చే ఏడు రండి అంటారు. ఈ ఏడు మూడు వందల పది పేజీలు వచ్చాయి. అందులో ఎనభై మందినే పేపరు రాయమన్నాం. ఆ ఎనభై పేపర్లతో పాటు వచ్చిన ప్రతి ప్రోగ్రామునూ మా యంత్రాల మీద నడిపి చూసి, నడిచినవే తీసుకున్నాం. మొదటే ఆగిపోయినవాళ్ళని తిప్పి పంపినట్టు మేమెప్పుడూ రాయలేదు. రాస్తే చిన్నబుచ్చుకుంటారని. మీకు ఆ లెక్క కూడా కావాలా?

మేడం లెక్క వేసి చూసింది. మూడు వందల పదికి నలభై. అంటే నూటికి ఎనభై ఏడు మందిని ఆపుతున్నారు. రెండు వేల పేపర్లు వచ్చే అతి పెద్ద కాన్ఫరెన్సు కూడా నూటికి అంతమందిని ఆపదు. పైగా ఆ రెండు వేలలో సంగతేమిటో ఆవిడకి తెలియనిది కాదు. ఒకచోట కాదన్న పేపరు పైన పేరు మార్చుకుని రెండోచోటికి, అక్కణ్ణుంచి మూడోచోటికి తిరుగుతుంది. పేపరు ఒకటే, తిరస్కారాలు మూడు. ఆ మూడింటివల్లా మూడు కాన్ఫరెన్సులూ గొప్పవవుతాయి. ఇదంతా తెలిసి కూడా తొమ్మిదేళ్ళుగా రెండు గళ్ళు పంపి రెండు అంకెలు తెచ్చుకుంది. మర్యాదగా గుమ్మంలోంచి పంపినవాళ్ళు ఆవిడ లెక్కలో చవకబారు. లోపలికి పిలిచి గెంటినవాళ్ళు ఘనులు.

కొత్త అంకె వేసేస్తే సరిపోయేది. చిన్న కాన్ఫరెన్సు ఒక్క గెంతులో మొదటి తరగతికి ఎక్కేది, అమ్మాయి ఉద్యోగం నిలిచేది, అందరూ సంతోషించేవారు. కలం కూడా తీసింది. కానీ ఆ అంకె వేయబుద్ధి కాలేదు. అదే జల్లెడలో ఇంకో గుప్పెడు పోసినట్టుంటుంది. అప్పుడు ఆవిడకి ఇంకో సంగతి తట్టింది, సిగ్గుపడే సంగతి. తాళాల అమ్మాయి పేపరు తను చదవలేదు. ఆ మాటకొస్తే ఈ తొమ్మిదేళ్ళలో, తను నిర్ణయం చెప్పిన ఏ లెక్చరరు పేపరూ చదవలేదు. చదవక్కర్లేకుండా చేయడానికే కదా జాబితా!

ఆదివారం పొద్దున వరండాలో కూర్చుని చదివింది. ఆసుపత్రుల్లో మందుల గదులకు పెట్టే అయిదు రకాల కార్డు తాళాలు తీసుకుని, కార్డుకు నకలు చేసి తెరవగలమా అని చూసింది ఆ అమ్మాయి. మూడు తెరుచుకున్నాయి. రెండు తెరుచుకోలేదు. ఎందుకు తెరుచుకోలేదో నాకు తెలియలేదు అని ఆ అమ్మాయి స్పష్టంగా రాసి, తను చేసిన ప్రయత్నాలన్నీ వరసగా చెప్పింది. మేడంకి నవ్వొచ్చింది, ముచ్చటేసింది కూడా. పెద్ద కాన్ఫరెన్సుకి రాసేవాళ్ళెవరూ తెరుచుకోని తాళాల ఊసే ఎత్తరు. ఆ రెండు తాళాల వల్లే మిగతా మూడింటి మాట నమ్మబుద్ధయింది. అద్భుతమేమీ కాదు. శ్రద్ధగా చేసిన పని. ఉద్యోగం ఖాయం చేయడానికి అంతకంటే ఏం కావాలి?

సోమవారం కమిటీకి గంట ముందే డీన్ గారి గదికి వెళ్ళింది. ఆయన నెమ్మదస్తుడు, గొడవలంటే పడదు. ఈవిడ జాబితా ఆయనకి వరం లాంటిది. ఎవరైనా వచ్చి ఏడిస్తే జాబితా చూపించి చేతులు దులుపుకోవచ్చు.

"జాబితా ఆపేద్దాం సార్. నా పద్ధతి తప్పు," అంది మేడం, కుర్చీలో కూర్చోకముందే.

ఆయన ఉత్తరం చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, ఆ ఒక్కదాని అంకె మార్చేద్దాం మేడం. దానికింత హడావిడి ఎందుకు?"

"మిగతా నూట ముప్ఫై తొమ్మిదీ ఏం చేస్తున్నాయో మనకేం తెలుసు? నేనెప్పుడూ అడగలేదు. మనవాళ్ళ పేపర్లు మనమే చదువుదాం సార్."

"చదవడమా!" ఆయన నిజంగానే బెదిరిపోయారు. "ఎవరికి తీరిక?"

"ఈ ఏడు ఉద్యోగం ఖాయం కావాల్సినవాళ్ళు ఆరుగురు. పేపర్లు పన్నెండు. నేనొకటి నిన్న చదివేశాను. పదకొండున్నాయి."

డీన్ గారు లేచి తలుపు దగ్గరికి వేశారు. "నేను భయపడేది ఆ పదకొండుకి కాదు. నిదానం గుర్తున్నాడా?"

గుర్తున్నాడు. పేరుకు తగ్గట్టు ఒక్కో మాటా కొలిచి వేసినట్టు మాట్లాడే మనిషి. మూడేళ్ళ క్రితం అతనికీ ఒకే పేపరు, అదే చిన్న కాన్ఫరెన్సులో. జాబితా చూసి ఉద్యోగంలోంచి పంపించేశారు. కాగితం మీద సంతకం డీన్ గారిది, లెక్క మేడంది.

"పద్ధతి తప్పని ఇవాళ మనం రాసిస్తే, రేపు అతనొచ్చి నా సంగతేంటంటే ఏం చెప్తాం? చప్పుడు చెయ్యకుండా అంకె మార్చితే ఈ అమ్మాయి ఉంటుంది, ఆ పాత గొడవా లేవదు. ఆలోచించండి."

మేడం ఆలోచించింది. ఆయన చెప్పినదాంట్లో లోపం లేదు. అమ్మాయికి కావలసింది దక్కుతుంది, ఎవరికీ మాట రాదు. కానీ ఎవరికీ మాట రాకుండా అన్నదాని కోసమే కదా తొమ్మిదేళ్ళ క్రితం ఆ రెండు గళ్ళు గీసింది! ఆ తలంపుతో ఒళ్ళు మండింది, డీన్ గారి మీద కాదు, తన మీదే.

"నా పేరు పెట్టే రాస్తాను సార్. లెక్క తప్పు, చేసింది నేను. అతనొస్తే నా గదికి పంపండి."

కమిటీలో గంటన్నర పట్టింది. ఒకాయన ఒంటికాలి మీద లేచాడు, తన పేపర్లన్నీ మొదటి తరగతివి కాబట్టి. చివరికి ఈ ఏటికి జాబితా పక్కనపెట్టి పేపర్లు చదవాలని తేలింది. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు. తాళాల అమ్మాయి పేపరు మేడం కాక ఇంకో ఇద్దరు చదివి, బుధవారానికి సరేనన్నారు. ఆ అమ్మాయి మేడం గదికొచ్చి ఏదో చెప్పబోయి ఆగి, వరండాలోకి వెళ్ళి అన్నయ్యకి ఫోన్ చేసుకుంది. ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదని గట్టిగా చెప్పడం లోపలికి వినిపించింది.

మేడం సోమవారమే నిదానం పేపరు తెప్పించుకుంది. పాస్‌వర్డు మర్చిపోయినవాళ్ళని అడిగే ప్రశ్నల మీద. మీ మొదటి బడి ఏది, మీ అమ్మ పుట్టింటి పేరేమిటి అనే ప్రశ్నలకు పొరుగువాళ్ళే ఇట్టే జవాబు చెప్పేయగలరని నాలుగు వందల ఇళ్ళు తిరిగి చూపించాడు. రెండుసార్లు చదివింది. గురువారం పదకొండు గంటలకు ఫోన్ చేసింది. అతనిప్పుడు నీళ్ళ సరఫరా కంపెనీలో కంప్యూటర్లు చూసుకుంటున్నాడు.

చెప్పవలసినదంతా కాగితం మీద రాసి పెట్టుకుంది. లెక్క ఎలా తప్పిందో, కమిటీకి ఏం రాసిచ్చిందో, అతను అర్జీ పెడితే తను ఏ మాట ఇవ్వగలదో వరసగా చదివినట్టు చెప్పింది. తిట్టినా పడదామని నిర్ణయించుకుని కూర్చుంది.

"మేడం," అన్నాడతను, మునుపటి నిదానంతోనే. "ఆ పేపరు మీరు చదివారా?"

"చదివాను. నిన్న. మొన్న కూడా. అప్పుడు చదవలేదు."

"ఎలా ఉంది?"

ఆవిడ రాసుకున్న కాగితంలో దీనికి జవాబు లేదు. నిజమే చెప్పింది. "బావుంది. చాలా బావుంది. ఆరో పేజీలో మాత్రం ఒకచోట ఆగిపోయాను. పొరుగువాళ్ళని రెండు గుంపులు చేశారు కదా, ఏ లెక్కన విడగొట్టారో నాకు అంతుబట్టలేదు."

"అక్కడొక పేరా తీసేశాను మేడం. పేజీలు దాటిపోతున్నాయని." అతను కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైంది. "ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు మీరొక్కరే. మా ఆవిడ కూడా అడగలేదు. ఉండండి, పక్కగదిలోకి వెళ్తాను. దగ్గర కాగితం ఉందా?"

"ఉంది," అంది మేడం. రాసి పెట్టుకున్న కాగితాన్ని వెనక్కి తిప్పింది.

అతను మొదటి గుంపు నుంచి మొదలుపెట్టాడు.