చీకటి కొట్టులో పసుపు మొలకలు

ఇలా దగ్గరికి జరగండర్రా, అంత దూరాన కూర్చుంటే సగం మాట గాలికే పోతుంది. సింధనూరు దగ్గర కాలవ కింద ఆంధ్ర నుంచి వలస వెళ్ళిన మనవాళ్ళు క్యాంపు పేరుతో కొత్త ఊరు కట్టుకున్న రోజుల సంగతి ఇది.

ఆ ఏడు వానలకు పక్క ఊరి హులిగెమ్మ ఇంటి గోడ కూలింది. దసరాకు వాళ్ళింట్లో బుట్టెడు మట్టిలో జొన్నలూ గోధుమలూ చల్లి చీకట్లో మొలిపిస్తారు. వెలుతురు సోకకపోతే మొలకలు పసుపుముద్దలా వస్తాయి. పండుగనాడు మగవాళ్ళు వాటిని తలపాగాల్లో దోపుకుని గుడికి వెళతారు. వెలుతురు తగిలి ఆకుపచ్చగా మారినా, కుళ్ళినా ఆ ఏడు పంట మీద ఆశ వదులుకోవలసిందేనని వాళ్ళ నమ్మకం. గోడ లేని ఇంట్లో చీకటెక్కడిది? అందుకే హులిగెమ్మ బుట్ట తెచ్చి క్యాంపులో తన స్నేహితురాలు బుల్లెమ్మ చేతిలో పెట్టింది.

"మా ఆయన వద్దన్నడు. ఆంధ్రోళ్ల ఇంట్ల మన దేవుడేందన్నడు. నేనే జిద్దు చేసి తెచ్చిన. నా మాట నిలబెట్టు చెల్లీ."

బుల్లెమ్మ పొంగిపోయింది. వంటింటి పక్కన మనిషి ఒంగి దూరేంత కొట్టు ఖాళీ చేసి బుట్ట అందులో పెట్టింది. అంతటితో చేతులు ఊరుకుంటాయా? విత్తనం మొలిపించడమంటే ఆమెకు తెలిసింది నారు కోసం వడ్లు కుప్పేసి మండె కట్టడమే. వడ్లకు చేసినట్టే బాగా తడిపి, గడ్డి కప్పి, తలుపు సందుల్లో గోనెగుడ్డలు కుక్కింది. మళ్ళీ తెరిచేసరికి గుప్పున ఆవిరి, పులిసిన వాసన. ఒక పక్క మొలకల మీద తెల్లటి బూజు.

ఇక ఆమెకు కాలు నిలవలేదు. కంచం ముందు కూర్చునేది, లేచిపోయేది. వీధిలో గాజులు గలగలమంటే హులిగెమ్మే వచ్చిందని ఉలిక్కిపడేది. తలుపు తెరిస్తే పచ్చబడతాయి, మూస్తే కుళ్ళుతాయి. ఏం చేసేట్టు?

గడ్డి లాగేసింది. బూజు పట్టిన మేర మట్టితో సహా గోకిపారేసింది. గోడకు అడుగున ఒక ఇటుక, పైన ఒక ఇటుక ఊడదీసింది. గాలి వచ్చింది, దాని వెంటే ఎండా వచ్చింది. అప్పుడు రెండు కన్నాల ముందూ కాస్త ఎడంగా మసి పూసిన గోనెపట్టాలు వేలాడదీసింది. ఎండ పట్టాకు కొట్టుకుని ఆగిపోయింది, గాలి మాత్రం పక్కనుంచి తిరిగి లోపలికొచ్చింది. ఇంకా అనుమానం తీరక మిట్టమధ్యాహ్నం తనే కొట్టులో దూరి తలుపేసుకుంది.

"బుల్లెమ్మా! ఎక్కడ చచ్చావే?" అంటూ అత్త వెంకటరత్నమ్మ ఇల్లంతా వెతికింది.

"కొట్టులో ఉన్నానత్తయ్యా! తలుపు తియ్యకండి, వెలుతురొచ్చేస్తది!"

"ఓసి నీ దుంప తెగ! మొలకలకి బదులు నువ్వు మొలుస్తున్నావా?"

"తలుపు పైన సూదిమొనంత మెరుస్తోంది. కాస్త పేడ మెత్తండి, మీకు పుణ్యముంటది."

గొణుక్కుంటూనే మెత్తింది అత్త. ఆ తరవాత బుల్లెమ్మ నీళ్ళు పోయలేదు, వేళ్ళతో చిలకరించిందంతే.

పండుగ పొద్దున హులిగెమ్మ తన మొగుడు బసన్నతో సహా వచ్చింది. బుట్ట బయటికొచ్చింది. ఒక సగం పసుపుముద్ద, ఒక సగం ఒట్టి మట్టి.

వాళ్ళు అడగకముందే బుల్లెమ్మ అనేసింది: "సగం నేనే పాడుచేశానక్కా. మీ జొన్నల్ని మా వడ్లనుకున్నాను."

హులిగెమ్మ తన మొగుడి మొహం చూసింది. బసన్న బుట్టనే చూస్తూ మెల్లగా తలపాగా తీశాడు. నెత్తి ఒక పక్కంతా బోడి.

"నాది గూడ గిట్లనే ఉన్నది. దేవుడేమన్న కోపం చేసిండా? తే, ఇటు తే."

తలపాగా మళ్ళీ చుట్టి, అందులో మొలకలు దోపుకుని గుమ్మం దిగాడు. హులిగెమ్మ వెనక్కి తిరిగి, "మా ఇంటి గోడ లేస్తదిలే, అయినా వచ్చే ఏడు గూడ బుట్ట ఈడనే. నీళ్లు మాత్రం నేను చల్లుత!" అంది.

ఆ కన్నాలు మళ్ళీ మూయలేదర్రా. ఇది మనసులో పెట్టుకుని మీ పిల్లలకు చెప్పండి. చెప్పేటప్పుడు పసుపు సగమే చెప్పి ఊరుకోకండి, ఆ బోడి సగమూ చెప్పండి.