బుల్లమ్మ పేరు పక్కన వేలిముద్ర

పోయిన ఏడాది ఏప్రిల్ పదిహేడు, గురువారం. ఉప్పలయ్య ఇంట్లో అన్నం, చింతచిగురు వేసి వండిన ఎండుచేపలు తిన్నాను. కూర ఆయనే వండాడు. చేపల తలలు తను ఉంచుకుని నడిమి ముక్కలు నా ఆకులో వేశాడు.

కిరందుల్ గనుల్లో గుమాస్తాగా రిటైరయ్యాక కిషోర్ అనే కాంట్రాక్టరు దగ్గర అనుమతుల కాగితాలు చూసే పనికి కుదిరాను. తెలుగు రాష్ట్రం సరిహద్దు దాటాక పామేడు వైపు ఉప్పలయ్య వాళ్ళ ఊళ్ళో చిన్న ఆరోగ్య కేంద్రం కట్టాలి. స్థలానికి గ్రామసభ ఒప్పుకోవాలి. తీర్మానం కింద ఊరివాళ్ళ సంతకాలో వేలిముద్రలో ఉండాలి, వాటిలో ఆడవాళ్ళవి ఇన్ని అని లెక్క. అది లేకుండా ఉసూర్ బ్లాక్ ఆఫీసులో ఫైలు తీసుకోరు. వానలు మొదలైతే ఆ దారిలో సిమెంటు లారీ నడవదు.

సభ మార్చి చివర్లో, పొద్దున పదింటికి పెట్టించాను. ఇప్పపూలు రాలే రోజులని, ఆడవాళ్ళు చీకటితోనే అడవికి పోతారని ఆలోచించలేదు. లెక్కకు ఆడవాళ్ళు ఒకరు తక్కువయ్యారు. ఓటర్ల జాబితాలో ఉప్పలయ్య పేరు కిందే బుల్లమ్మ అని ఉంది. పూలేరడానికి పోయి ఉంటుందనుకున్నాను. మర్నాడు గదిలో కూర్చుని నా ఎడమ బొటనవేలు ఇంకులో అద్ది ఆ పేరు పక్కన వేశాను. తర్వాత సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను.

ఆ గురువారం సర్పంచి ముద్ర కోసం వచ్చాను. దారిలో కలిసిన ఉప్పలయ్య, తినకుండా పోవద్దని ఇంటికి పిలిచాడు.

“ఇంట్లో ఎవరూ లేరా?” చెయ్యి కడుక్కుంటూ అడిగాను.

“ఎవరుంటరు సారూ. బిడ్డను చర్లల ఇచ్చిన. ఇంటామె పోయిన వానకాలం జరమొచ్చి పాయె.”

“పేరు?”

“బుల్లమ్మ.”

నా సంచీ గోడకు ఆనించి ఉంది. ఫైలు అందులోనే ఉంది.

“నా సంతకం సూపియ్యి సారూ. హిందీల చేసిన. ఆశ్రమ బడిల ఐదు సదివిన్నంటే మా వోళ్ళు నమ్మరు, నవ్వుతరు.”

ఇవాళ కుదరదని చెప్పి ఉండాల్సింది. కాగితం తీసి ఇచ్చాను. ఆయన వేలు తన సంతకం దాటి కింది గీత మీద ఆగింది. ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు.

“ఇది ఆమెదా? ఎప్పుడేసింది? పోయిన ఎండాకాలం దవాఖాన జాగ అని పంచాయతి సచివ్ ఇట్లాంటి కాయితమే పట్టుకొని ముద్రలకు తిరిగిండు. అప్పుడేనా?”

నేను తల ఊపాను. నోటితో అవుననలేదు, తల మాత్రం ఊపాను.

“ఆమె ఫోటో లేదు సారూ. ఆధార్ కార్డు కూడ వరదల పాయె. దీనిది ఒక్క జిరాక్స్ తెచ్చియ్యి.”

ఇంకు చెదురుతుందేమోనన్నట్టు ముద్రకు తగలకుండా పైన అరచెయ్యి పట్టి కాసేపు చూశాడు.

ఉసూర్‌లో జిరాక్స్ తీయించాను. కాపీలో ముద్ర ఇంకా నల్లగా వచ్చింది. ఎప్పుడో పెన్సిలు చెక్కుతూ కోసుకున్న గాటు దాని మీద అడ్డంగా తెల్లగా కనిపించింది. నా పర్సులో మూడేళ్ళుగా మా ఆవిడ జయ రాసిన చీటీ ఉంది. చింతపండు, సబ్బులు, మీకు బ్లేడ్లు. చనిపోయే ముందు వారం రాసింది. ఆ చీటీ ఇంకెవరో రాశారని ఎవరైనా నాకు చెబితే? చెప్పకుండా దాచితే?

ఆఫీసు మెట్ల మీద నుంచే కిషోర్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

“అన్ని వేళ్ళలో ఒక వేలు రావుగారూ. ఎవరు చూస్తారండీ? పోయినావిడ వచ్చి కేసు పెడుతుందా?”

“ఫైలు ఇవ్వడం లేదు కిషోర్. సభ మళ్ళీ పెట్టాలి.”

“ఈలోగా వానలొస్తే ఏడాది పోతుంది. ఆ ఊళ్ళో జ్వరాలకు మీరు జవాబు చెబుతారా?”

ఫోన్ పెట్టేసి ఫైలు సంచీలో పెట్టుకున్నాను.

వారం తర్వాత వెళ్ళాను. ఉప్పలయ్య సంతలో అద్దం ఫ్రేము కొని ఉంచాడు. వెనక అట్ట విప్పి, మేకులు జాగ్రత్తగా పక్కన పెట్టి, చెయ్యి చాపాడు. జిరాక్స్ ఇవ్వకుండా నా బొటనవేలు చూపించాను.

“ఆ ముద్ర నాది ఉప్పలయ్యా. ఆమె చనిపోయిందని తెలియదు. తెలుసుకోలేదు. ఆ రోజు నువ్వడిగితే అబద్ధం చెప్పాను.”

నా వేలు పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూశాడు.

“నున్నగుంది,” అన్నాడు. “ఆమె వేలు ఇట్లుండది. చింతపండు కొట్టి కొట్టి గీతలే అరిగిపాయె. రేషన్ మిషన్ కూడ పట్టకపోయేది. నేనే సూసుకోలే.”

తిట్టి ఉంటే ఓర్చుకునేవాణ్ణి. తప్పు తనదన్నట్టు మాట్లాడాడు.

“సభ మళ్ళీ పెట్టిస్తాను. పొద్దుగూకే వేళ, ఆడవాళ్ళు తిరిగొచ్చాక.”

“పెట్టు. నేను పిలుస్త అందర్ని.” ఫ్రేము ఒళ్ళోకి తీసుకుని అడిగాడు. “ఆమె పేరు ఏం జేస్తవు?”

“కొట్టెయ్యాలి.”

“అడ్డంగ గీత గియ్యకు. పోయిందని పక్కన రాయి.”

సరేనన్నాను. ఫ్రేముకు మళ్ళీ మేకులు బిగించి, ఖాళీగానే గూట్లో పెట్టాడు. అప్పటికి ఆఖరి జీపు వెళ్ళిపోయింది. అన్నం, ఉప్పు, కాల్చిన మిరపకాయ పెట్టాడు. ఇద్దరం తిన్నాం. ఆ ఇంట్లోకి వెళ్ళే ముఖం లేక అరుగు మీద తువ్వాలు పరుచుకున్నాను.

“లోపటికి రా సారూ. ఇప్పపూలకు ఎలుగుబంటొస్తది.”

వెళ్ళాను. ఉన్న ఒక్క నులకమంచం గోడ వారకు జరిపి నాకు చూపించి, తను కింద చాప వేసుకున్నాడు. తర్వాత లేచి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, గడియ పెట్టాడు.