'ఉరుము' కొత్త క్యాసెట్టు మీద సమీక్ష

"ఇది మార్చు. అద్భుతం అని రాసెయ్. పేపరాఫీసు కవరు నాలుగున్నర బస్సుకి ఇచ్చెయ్యాలి," అన్నాడు మాణిక్యాలరావు, కాగితం పొయ్యి గట్టు మీద పడేసి.

కుసుమ పప్పు తిరగమోత పెడుతూ వెనక్కి తిరగలేదు. కొత్తపేటలో ఆయన కాలేజీ మాస్టారే కాదు, ఆదివారం పేపర్లో పాటల సమీక్షలు రాసే పెద్దమనిషి కూడానాయె! ఆరేళ్ళుగా అంట్లు తోముతూ క్యాసెట్లు వినేదీ, రాసేదీ కుసుమ. కింద పేరు మాత్రం ఆయనది. మొదట్లో ఒకసారి తన పేరు వెయ్యమని నోరు తెరిచి అడిగింది. "నీ పేరేస్తే ఎవరు చదువుతారే?" అని నవ్వాడు. అత్తగారు జానకమ్మ, "మొగుడికి పేరొస్తే నీక్కాదుటే గొప్ప?" అంది. గొప్పే మరి! 'గురువుగారూ' అంటూ ఉత్తరాలు ఆయనకి, ఆ అభిమానులొస్తే టీలు పెట్టే భాగ్యం ఈవిడకి.

'ఉరుము' అంటే పాతికేళ్ళ నాటి కాకినాడ రాక్ బృందం. నిరుటి తుఫాను మీద ఎనిమిది పాటలు కట్టారు. హైదరాబాదు పేపర్లన్నీ ఆహా ఓహో అన్నాయి. బృందం నాయకుడు ఈయన క్లాస్‌మేటు. వచ్చేవారం వాళ్ళ అభినందన సభలో ఈయనకి వేదిక మీద కుర్చీ.

కుసుమ నాలుగుసార్లు వింది. వినేకొద్దీ ఒళ్ళు మండింది. తుఫాను రోజున తలుపుకి వీపు ఆనించి, పిల్లని పొట్టకి అదుముకుని, కొబ్బరిచెట్లు ఫెళ్ళుఫెళ్ళున విరుగుతుంటే విన్న మనిషి తను. ఈ పాటల్లో గిటార్లున్నాయి, డ్రమ్ములున్నాయి, భయం మాత్రం లేదు. అదే రాసింది.

"వాళ్ళ ముందు నా పరువు తీస్తావా?"

"విన్నదే రాసేనండి. మార్చను."

"నీకేం తెలుసు రాకు గురించి?"

కుసుమ పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుంది. తన కాగితం కింద తన పేరు రాసి, కవర్లో పెట్టి అంటించింది.

"నీ పేరుతో వాళ్ళు వెయ్యరు!"

"వెయ్యకపోతే ఇంకో పేపరుకి పంపుతానండి. మీ పేరు మీద మీరే రాసుకోండి," అని తెల్లకాగితం ఆయన ముందు పెట్టింది.

ఆయన పెన్ను మూత తీసి కూర్చున్నాడు. ఆమె కవరు పట్టుకుని చెప్పులు తొడుక్కుంటుంటే లోపల్నించి మెల్లిగా పిలుపు వచ్చింది.

"కుసుమా... మొదటి వాక్యం ఒక్కటీ చెప్పి వెళ్ళు."

పాపం, ఆరేళ్ళ అలవాటు! వాక్యం నాలిక చివరిదాకా వచ్చేసింది కూడా. కుసుమ దాన్ని మింగేసింది.

"ముందు క్యాసెట్టు వినండి. ఇంకా ఒక్కసారైనా వినలేదు కదా," అని గుమ్మం దిగింది.