పదిహేనో పేరు

మధ్యాహ్నం మూడూ పదికి కంప్యూటర్ ఆ పిల్లను ఒప్పుకోనంది.

'మొదటి పట్టికలో ఈ బిడ్డ రికార్డు లేదు. పరీక్ష వివరాలు చేర్చడం కుదరదు.'

అనిల మళ్లీ నొక్కింది. మళ్లీ అదే మాట. గోడ గడియారం వైపు చూసింది. వ్యాన్ కదలడానికి యాభై నిమిషాలు.

కామారెడ్డిలోని ఆ కంటి ట్రస్టులో అనిల నాలుగేళ్లుగా డేటా ఆపరేటర్. ఊళ్లలో శిబిరం పెట్టినప్పుడు పిల్లల వివరాలు మొదటి పట్టికలో ఎక్కుతాయి. తర్వాత కామారెడ్డికి రప్పించి డాక్టర్ చేసే పరీక్షల ఫలితాలు రెండో పట్టికలోకి వెళతాయి. రెండూ కలిస్తేనే ఆపరేషన్ జాబితాలో పేరు పడుతుంది. జాబితాలో పేరుంటేనే హైదరాబాద్ ఆసుపత్రిలో మంచం.

పద్నాలుగు మంది పిల్లల పేర్లు పడ్డాయి. పదిహేనోది ఎల్లారెడ్డి పిల్ల. ఐదేళ్లు. ఎడమ కంటి పాప మీద పాలచుక్క లాంటి తెల్లటి పొర. పొద్దున పరీక్ష చేసిన డాక్టర్ చీటీ మీద గట్టిగా గీత గీసి మరీ రాశాడు: ఇప్పుడే చేయాలి. మళ్లీ వ్యాన్ వచ్చేది ఆరు నెలల తర్వాత. అప్పటికి ఆ కన్ను చూపు నేర్చుకునే వయసు దాటిపోవచ్చు.

"పిల్ల పేరు ఇంకోసారి చెప్పు అవ్వా," అంది అనిల.

బల్లకు అటు పక్క కూర్చున్న నాయనమ్మ ఒళ్లో పిల్లను సర్దుకుని ఆధార్ కార్డు మళ్లీ ముందుకు తోసింది. "భూమక్క. నా పేరే పెట్టిండు నా కొడుకు. దుబాయి పోయేటప్పుడు కార్డు గూడ తీయించే పోయిండు."

"ఎల్లారెడ్డి శిబిరంల చూపించిన్రు గదా?"

"నా కోడలు సాయిలత చూపించింది. నేనప్పుడు బిచ్కుందల ఉన్న, నా బిడ్డ కాన్పుకు. గిప్పుడు కోడలు బాలింత, నేనొచ్చిన."

"శిబిరంల ఒక చీటీ ఇస్తరు, నంబరుంటది. ఏది?"

"కోడలు యాడ పెట్టిందో బిడ్డా. ఇల్లంత దేవులాడిన."

చీటీ లేకపోతే పేరుతో వెతకాలి. ఎల్లారెడ్డి శిబిరంలో నూటా ఎనిమిది మంది. భూమక్క అన్న పేరు ఒక్కటి కూడా లేదు. చుట్టుపక్కల ఊళ్లన్నీ వెతికింది. లేదు. వెనక నుంచి స్వామిదాసు గొంతు వినిపించింది.

"ఇంకా కాలేదా? డ్రైవరు హారన్ కొడుతుండు."

స్వామిదాసు శిబిరాల మేనేజరు. మంచివాడే, కానీ నాలుగు దాటితే వ్యాన్ మేడ్చల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుందని ఆయనకు పొద్దుటి నుంచే భయం.

"మొదటి పట్టికల ఈ పిల్ల లేదు సార్."

"అయితే కొత్తగ ఎక్కియ్. గంత ఆలోచనేంది?"

అనిల కొత్త రికార్డు తెరిచింది. పేరు, ఊరు, వయసు కొట్టింది. భద్రపరచబోతే అడ్డం పడింది: 'తప్పనిసరి గడి ఖాళీగా ఉంది.' పడని మందులు అన్న గడి అది.

"అవ్వా, పిల్లకు ఏ మందన్న పడదా?"

"నాకు ఎరుకలేదు బిడ్డా. బానే ఉంటది."

"లేదు అని కొట్టేయ్," అన్నాడు స్వామిదాసు.

అనిల చేతులు కీబోర్డు మీదే ఆగాయి. "ఎరుకలేదు అంటే లేదని ఎట్ల కొడుత సార్? రేపు పొద్దున ఇంజెక్షన్ ఇచ్చేటోళ్లు ఈ గడే చూస్తరు."

"అయితే పిల్లను దింపు. పద్నాలుగు మందిని ఆపి పెడుతవా ఒక్కదాని కోసం?"

నాయనమ్మకు ఆ మాట అర్థమైంది. లేచి నిలబడింది. పిల్లను చంకన గట్టిగా అదుముకుంది. "బస్సుల నిలబడి వచ్చిన సారూ. మల్ల ఆరు నెలలంటే నేనుంటనో లేనో. రాసెయ్ బిడ్డా, ఏదో ఒకటి రాసెయ్."

మూడూ ముప్పై.

ముందు మిగతా గళ్లు నింపుదాం, మందుల సంగతి తర్వాత అనుకుంది అనిల. "ఇంటి ఫోన్ నంబరు చెప్పు అవ్వా." ముసలామె చీర కొంగు ముడి విప్పి, నలిగిన కాగితం ముక్క తీసింది. అనిల పది అంకెలూ కొట్టి, గడి మార్చగానే కంప్యూటర్ టింగుమంది.

'ఈ ఫోన్ నంబరు ఇప్పటికే మరొకరి పేరు మీద ఉంది.'

"నీ తలకాయ," అన్నాడు స్వామిదాసు కంప్యూటర్‌తో.

అనిల మాత్రం కుర్చీలో ముందుకు జరిగింది. ఇంతసేపూ లేదు లేదన్న కంప్యూటర్ మొదటిసారి ఉందన్నది. ఎవరి పేరు మీద? కొత్త రికార్డు మూసేసి, నంబరు వేసి వెతికింది. ఒకే ఒక్క వరుస వచ్చింది.

ఆశ్రిత. ఐదేళ్లు. ఎల్లారెడ్డి. ఎడమ కన్ను.

"వేరే పిల్లయి ఉంటది. ఒక్క ఫోన్ నాలుగిండ్లకు తిరుగుతది ఆ వాడల," అన్నాడు స్వామిదాసు. ఆయన అన్నదీ నిజమే. తప్పుడు పిల్ల రికార్డుకు ఈ పరీక్ష అతికిస్తే అంతకన్నా ప్రమాదం లేదు. అనిల అదే నంబరుకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టింది. మూడు సార్లు మోగాక ఎత్తారు. వెనక పసిపిల్ల ఏడుపు.

"సాయిలతనా? కామారెడ్డి కంటి దవాఖాన నుంచి. శిబిరంల నీ బిడ్డ పేరు ఏమని రాయించినవమ్మా?"

"ఆశ్రిత మేడం."

"ఆధార్ల ఏముంది?"

సాయిలత చంటిదాన్ని జోకొట్టడం మొదలుపెట్టింది.

"సాయిలతా? టైం లేదమ్మా."

"అది... మా అత్తమ్మ పేరు మేడం. నా నోటితోని నేనెట్ల అంట?"

స్వామిదాసు బల్ల దగ్గరికి వచ్చాడు.

"మీ అత్తమ్మ పేరని పిల్లను గూడ పిలవవా?"

"పేరు పెట్టి తిట్టినట్టుంటది మేడం. పిల్ల అన్నంక కోపమొస్తది, అరుస్తం. అత్తమ్మ పేరు పెట్టి అరిస్తే ఎట్లుంటది? అందుకే ఆశ్రిత అంట. శిబిరంల సారు గూడ నోటితోని అడిగిండు, కార్డు అడగలే."

"సరే, నువ్వనకు. నేనంట, నువ్వు ఊ అను. కార్డు మీద భూమక్క అని ఉందా?"

"...ఊఁ."

"నీకు ఇద్దరు పిల్లలేనా? కన్ను బాగలేంది ఈమె ఒక్కతేనా?"

"ఒక్కతే మేడం. రెండోది చంటిది, ఇరవై రోజులైతుంది."

నాయనమ్మ ఫోన్ మీదికి వంగింది. "ఏమే! నా పేరు నోట్ల పెట్టుకుంటె ముండ్లు గుచ్చుకుంటయా? ఆశ్రిత, ఆశ్రిత అంటుంటె ముద్దుకు అంటున్నవనుకున్న. గీడ నన్నడిగితే కార్డుల పేరే చెప్తి!"

"అత్తమ్మా, నువ్వు గూడ ఉన్నవా!" ఫోన్‌లో గొంతు బిక్కచచ్చిపోయింది.

అనిల అప్పటికే ఆశ్రిత రికార్డు పూర్తిగా తెరిచింది. చివరి గడి దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. అక్కడ శిబిరం డాక్టర్ రాయించిన వరుస ఉంది. పోయిన ఏడాది అమ్మమ్మ ఊళ్లో ఉండగా జ్వరానికి ఇచ్చిన యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌తో ఒళ్లంతా ఉబ్బి, ఊపిరి ఆడక రెండు రోజులు దవాఖానలో ఉంది. ఆ మందు పేరు కూడా ఉంది.

స్వామిదాసు భుజం మీదుగా చదివాడు. ఆపరేషన్‌కు ముందు పిల్లలందరికీ ఇచ్చేది ఆ మందే. ఆయన మెల్లగా పక్క కుర్చీలో కూలబడ్డాడు.

"లేదు అని కొట్టేయమన్న నేను," అన్నాడు.

"నేను కొట్టలే కదా సార్."

మూడూ యాభై ఒకటికి రికార్డులో పేరును ఆధార్ ప్రకారం సరిచేసి, పరీక్ష వివరాలు చేర్చింది. ఈసారి కంప్యూటర్ అడ్డుపడలేదు. ప్రింటర్ జాబితాను బయటికి తోసింది. పదిహేనో వరుసలో భూమక్క, పక్కన పడని మందు. దాని కింద స్వామిదాసు ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశాడు. ఆసుపత్రి డాక్టర్‌కు ఫోన్ చేసి విషయం చెప్పి, ఆ ఇంజెక్షన్ మారుస్తామని ఆయన నోటితో అనిపించుకున్నాకే వ్యాన్ తలుపు వేయించాడు. అప్పటికి నాలుగూ పది. ట్రాఫిక్ మాట ఆయన ఎత్తలేదు.

రెండో రోజు సాయంత్రం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పాక పిల్ల మొదట నాయనమ్మ ముక్కుపుల్ల పట్టుకుని లాగిందట.

అనిల మొదటి పట్టిక తెరిచి కొత్త గడి ఒకటి చేర్చింది: ఇంట్లో పిలిచే పేరు. స్వామిదాసు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తన గదిలోకి వెళ్లి, ఒక అట్ట ఫైలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"రెండేండ్ల నుంచి కంప్యూటర్ తీసుకోలేదని పక్కకు పెట్టినయి. తొమ్మిది మంది. వచ్చేసారి చూద్దామన్న." ఆయన గొంతు తగ్గింది. "వీటిల ఇంకెవరి ఇంట్ల అత్తమ్మ పేరుందో?"

అనిల మొదటి కాగితం తీసింది. పిట్లం పిల్లవాడు. కింద తల్లి ఫోన్ నంబరు. ఆమె రిసీవర్ ఎత్తి అంకెలు నొక్కింది.

"అమ్మా, కామారెడ్డి కంటి దవాఖాన నుంచి. మీ బాబును ఇంట్ల ఏమని పిలుస్తరు?"