తుమ్మే తలుపు

తార్నాకల, యూనివర్సిటీ గేటుకు దగ్గర్ల, వెంకటస్వామి కట్టిన మొరాకో హోటల్ ఉన్నది. పొద్దున పుదీనా చాయ్ ఇస్తరు, తేనె పూసిన రొట్టె ఇస్తరు. అండ్ల దిగిన రాజలింగు మాత్రం రోజూ ఉప్మా అడుగుతడు. లేదని తెల్వదా? తెలుసు. అయినా అడుగుతడు.

గదులు గుప్పెడే అయినా సోకు మస్తుగుంటది. నీలం పలకలు, నగిషీ కమాన్లు, ఇత్తడి దీపాలు, నడిమిట్ల ఆకాశం కనబడే వాకిలి, అండ్ల ఫౌంటెన్. ఆ దేశపు పద్ధతిల కిటికీలన్నీ వాకిట్లకే. సడక్ దిక్కు ఒక్కటీ లేదు. బయట మెట్రో పోతుంటది, స్టూడెంట్లు నవ్వుకుంట పోతుంటరు. వినబడుడే గానీ కనబడుడు లేదు.

బయటికి ఒక్కటే తలుపు. వెంకటస్వామి మొరాకోల మేస్త్రీ పని చేసొస్తూ ఓడల వేయించుకొచ్చిండు. అక్కడి ఎడారి దుమ్ముకు ఏమీ కాలేదు గానీ, తార్నాక దుమ్ముకు దానికి తుమ్ములు పట్టుకున్నయి. లోపలికొస్తే ఏమనదు, ఎవరన్నా గడప దాటి బయటికి పోబోతే చాలు, గట్టిగ తుమ్ముతది. ఒక్కటే తుమ్ము. తలుపు తుమ్ముడేందని ఎవ్వరూ అడగలే. ఒంటి తుమ్ము తుమ్మినంక బయటికెట్ల పోతమని మాత్రం అందరూ అడిగిన్రు. వెంకటస్వామి తలుపు పక్కన మెత్తటి కుర్చీలేసి, చెంబుల మంచినీళ్లు పెట్టించిండు. వెనకకొస్తరు, కూసుంటరు, రెండు గుక్కలు తాగుతరు, లేస్తరు. మళ్ల తుమ్ముతది.

మల్కాజ్‌గిరి నుంచి ఒక్క రాత్రికని వచ్చిన రాజలింగు, ఆయన భార్య పోచమ్మ, మనవరాలి తొట్టెల ఫంక్షన్ గూడ ఫోన్లనే చూసిన్రు. సరుకులు తెచ్చే సామేలు చర్చికి పోయేటోడు, తుమ్ములు పట్టించుకోడు. ఆయన సంగతి వేరే అని అందరూ అనుకున్నరు.

జ్యోతిర్మయిని ఆ హోటల్‌కు తెచ్చింది ఆమె మొగుడు భానుప్రకాశ్. "హబ్సిగూడల ఇంట్ల అమ్మ టీవీ గోల. పీహెచ్‌డీ వైవా ముంగట నీకు జెర రెస్ట్ ఉండాలె" అన్నడు. ఎంత ప్రేమనో అని ఆమె సంబురపడ్డది. వైవా గట్టెక్కితే కరీంనగర్ కాలేజీల ఉద్యోగం ఖాయం. కరీంనగర్ పేరెత్తితేనే ఆయన ముఖం మాడిపోతదని ఆమెకు తెలుసు. తలుపు సంగతి ఆయనకు ముందే తెలుసని మాత్రం తెల్వదు.

వైవా రోజు పొద్దున పట్టుచీర కట్టుకొని, ఫైలు పట్టుకొని గడప దగ్గరికొచ్చింది. తలుపు తుమ్మింది. కాళ్లు వాటంతటవే వెనకకు మళ్లినయి. చిన్నప్పటి నుంచి ఇంట్ల అదే అలవాటు. కూసున్నది, తాగింది, లేచింది. మళ్ల తుమ్ము. మళ్ల కుర్చీ. ఎన్నిమాట్లయినా అదే వరస. నాలుగు దిక్కుల గోడలు దగ్గర దగ్గరికి జరుగుతున్నట్టనిపించింది.

గైడు సుదర్శన్ సార్ ఫోన్ చేసిండు. "ఏడున్నవమ్మా? ఢిల్లీ నుంచి ఎగ్జామినర్ వచ్చి కూసున్నడు. ఇప్పటికే ఒకసారి వాయిదా వేయించినం. ఇయ్యాల రాకుంటే ఇన్నేండ్ల పని మట్టిల కలుస్తది."

జ్యోతిర్మయి లేచింది. తలుపు తుమ్మింది.

"కూసో బిడ్డా" అన్నది పోచమ్మ పాపం, ప్రేమగనే. "మేం గూడ గిట్లనే తొందరపడ్డం మొదట్ల. అలవాటైతది."

"అలవాటైతది" అన్న మాటకు ఆమె కూసోబోయి ఆగింది.

"ఆమె మంచికే చెప్తున్నది జ్యోతీ" అన్నడు భానుప్రకాశ్, చాయ్ ఊదుకుంట. "వైవా ఏడికి పోతది? నాకు ఈ తలుపు సంగతి ముందే తెలుసు. అంత మంచికే అనుకున్న."

జ్యోతిర్మయి ఆయన దిక్కు చూసింది. ఏడుపొచ్చింది, దానెంబడే కోపమొచ్చింది.

"తలుపుకు జలుబు చేస్తే నా చదువెందుకు ఆగాలె?" అన్నది.

గడప దాటింది. వెనక తలుపు ఇల్లదిరేటట్టు తుమ్మింది. పోచమ్మ చెవులు మూసుకున్నది. బయట ఎండ, దుమ్ము, హారన్లు. ఆమెకు ఏమీ కాలేదు. ఆటో ఎక్కింది, అంతే.

మధ్యాహ్నానికి అందరూ చేయి కలిపి "డాక్టర్ జ్యోతిర్మయి" అన్నరు. ఆమె డిపార్ట్‌మెంట్ మెట్ల మీద కూసొని మొగునికి ఫోన్ చేసింది. ఎంతైనా మొగుడు, మొదట ఆయనకే చెప్పాలనిపించింది.

"ఆగు, నేనొస్తున్న" అన్నడు భానుప్రకాశ్. "ఆ కరీంనగర్ సంగతి ఎవ్వరికీ చెప్పకు. నేనొచ్చినంక మాట్లాడుదం."

ఫోన్ల చెప్పుల చప్పుడు, తలుపు కిర్రుమన్న చప్పుడు వినబడ్డయి. తర్వాత తుమ్ము. తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు.

జ్యోతిర్మయికి నవ్వొచ్చింది, జాలి గూడ అయింది.

"కూసో. నిమ్మళంగ మంచినీళ్లు తాగు" అన్నది.

ఫోన్ పెట్టేసి, కరీంనగర్ కాలేజీకి చేసింది, సోమారం జాయినైత సార్ అని.