తీర్పరి భార్య

సభ ఉన్న రోజున తెల్లవారగానే తీర్పరి మేనఖ్ తల దువ్వడం భార్య రోన్నట్ పని. పడకకీ పొయ్యికీ మధ్య అల్లిన తడిక లోపల ఆయన పరుపు మీద కూర్చునేవాడు. ఆమె వెనక మోకాళ్ళ మీద కూర్చుని, భుజాల దాకా దిగిన జుట్టును ఎముక దువ్వెనతో పాయలు పాయలుగా విడదీసేది. తడిక అవతల నుంచి అత్తగారు బెర్రఖ్ ప్రతిసారీ అనే మాటే అనేది. "మెల్లగా దువ్వమ్మా. ఆ తలలో ఉన్నది ఊడిపడితే మళ్ళీ ఎత్తిపెట్టడం నీ తరం కాదు."

ఆ తలలో ఏముందో రోన్నట్‌కి తెలుసు. పదకొండేళ్ళుగా ఆమె పెడుతున్నదే. "ఊరికే అంటున్నాను, నీకు అర్థమయ్యే సంగతి కాదనుకో" అని మొదలుపెట్టేవాడు మేనఖ్. హద్దు రాయి ఎవరు జరిపారో, ఎవరి తేనెటీగలు ఎవరి తోటలో మేశాయో, ఎవరి పంది ఎవరి పాప కాలు కరిచిందో చెప్పుకొచ్చేవాడు. ఆమె దువ్వుతూ దువ్వుతూ నాలుగు ప్రశ్నలు వేసేది. అయిదో ప్రశ్నకి ముడి విడిపోయేది. మధ్యాహ్నం సభ దిబ్బ ఎక్కి ఆయన అదే మాట, ఆమె ఆగిన చోటే ఆగి చెప్పేవాడు. జనం వెనక వరుసలో, వానకి తడిసిన ఉన్ని శాలువాలో నిలబడి ఆమె తన మాట తనే వినేది. మొదట్లో అదో గర్వంగా కూడా ఉండేది. ఒకసారి ఇంటికొచ్చాక, "అది నేనన్న మాటే కదండీ" అంటే, "నిప్పు రాజేసింది నువ్వే కావచ్చు, రుచి మాత్రం ఉప్పుది కదా" అని నవ్వాడు. ఆ మాటకి అర్థమేమిటో ఆమెకి ఇప్పటికీ తెలియదు. తెలియకపోయినా ఆ రోజుకి నోరు మూతపడింది. ఆ తర్వాత మూసుకుని ఉండటమే అలవాటైంది.

గొర్రెలు ఈనే రోజుల్లో, ఆ ప్రాంతపు పెద్ద గార్బాన్ ఇంట పాలు పితికే పిల్ల క్రోనే మిల్లు చెరువులో తేలింది. పందొమ్మిదేళ్ళది. నా అన్నవాళ్ళు లేనిది. కాలు జారి పడిందన్నారు గార్బాన్ మనుషులు. రోన్నట్ ఆ చుట్టుపక్కలకి మంత్రసాని. పుట్టినవాళ్ళకీ పోయినవాళ్ళకీ స్నానం చేయించేది ఆమే కాబట్టి పిలుపు వచ్చింది. గొడ్ల పాక పక్కన వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. మునిగిన మనిషి పిడికిట్లో నాచో బురదో ఉంటుంది. ఈ పిల్ల అరచేతులు శుభ్రంగా ఉన్నాయి. పక్కకి తిప్పితే నోట్లోంచి చుక్క నీరు రాలేదు. జడ ఎత్తి చూస్తే గొంతుకి రెండు వైపులా నల్లగా కమిలిన వేళ్ళ గుర్తులు. రవిక విప్పితే రొమ్ములు పాలతో రాయిలా గట్టిపడి ఉన్నాయి. రోన్నట్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఈ పిల్ల కడుపుతో ఉందన్న సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. నిండు శాలువాల చలికాలం ఎంత దాచిందో! మరి బిడ్డేది?

మర్నాడు తెల్లవారి, దువ్వెన పట్టుకోగానే మేనఖ్ అడగకముందే ఆమె చెప్పేసింది. నీళ్ళలో పడకముందే ఆ పిల్ల ప్రాణం పోయిందంది. కనీసం రెండు రోజుల బాలింతరాలంది. "బిడ్డ బతికే ఉంటుందండీ. తల్లి లేని పసిగుడ్డుకి పాలు కావాలి, ఈ రోజుల్లో పాలిచ్చే మేకలున్నది కొండ మీద ముసలి దారెర్కా దగ్గరే. ముందు ఆమెని అడిగించండి."

మేనఖ్ తల వెనక్కి తిప్పలేదు. "మేక," అన్నాడు, గుర్తుపెట్టుకుంటున్నట్టు. సగం జుట్టు దువ్వాక లేచి, గంజి కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. సభ వేళకి చాలా ముందే వెళ్ళాడు. ఆమె అది ఆత్రుత అనుకుంది. తన మాట ఆయన్ని అంత కదిలించిందని లోపల ఎక్కడో సంతోషించింది కూడా. ఆ సంతోషం తర్వాత ఎన్నాళ్ళో ఆమెని పొడిచింది.

సభలో మేనఖ్ గొంతు ఎప్పట్లాగే గంభీరంగా ఉంది. "చెరువు గట్టు జారుడుగా ఉంది. పిల్ల కాలు జారింది. ఎవరి తప్పూ లేదు. మూడో పొద్దు లోపల అడ్డు చెప్పేవాళ్ళుంటే ఇక్కడికే వచ్చి చెప్పవచ్చు." జనం తలలూపారు. గార్బాన్ లేచి శాలువా దులుపుకుంటూ పక్కవాడితో అన్నాడు. "కొండ మీది ముసలిదానికి మేకలు ఎక్కువైనట్టున్నాయిరా. తోలుకురండి." ఆయన కొడుకు ఫెర్గిల్, వచ్చే నెలలో పక్క రాజ్యపు రాజు మేనకోడల్ని పెళ్ళాడబోతున్నవాడు, నేల చూపులు చూస్తున్నాడు.

ఆ మేకల సంగతి రోన్నట్ పొద్దున మేనఖ్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు.

తప్పుడు తీర్పు చెప్పినవాడి బుగ్గల మీద బొబ్బలు లేస్తాయని ఈ దేశంలో పసిపిల్లలు కూడా చెబుతారు. ఆ సాయంత్రం రొట్టె వడ్డిస్తూ ఆమె ఆయన బుగ్గలకేసి చూసింది. వెన్న తిన్న బుగ్గలు నున్నగా మెరుస్తున్నాయి.

"గార్బాన్ గారికి మేక సంగతి మీరే చెప్పారా?"

"నన్ను ఈ పీట మీద కూర్చోబెట్టిన మనిషి. ఆయన ఇంట్లో ఏం జరిగిందో ఆయనకి తెలియద్దూ?" నమలడం ఆపకుండానే అన్నాడు. "నీ పేరు ఎత్తలేదులే, భయపడకు."

"మగాళ్ళ వ్యవహారాల్లో నీకెందుకే?" అంది బెర్రఖ్. "వెన్న తీయాల్సిన మీగడ పులిసిపోతోంది చూడు."

ఆమె వెన్న తీసింది. కవ్వం ఆడుతున్నంతసేపూ చేతుల కంటే లోపల ఎక్కువ చిలికింది. నీ పేరు ఎత్తలేదులే. ఎప్పుడు ఎత్తాడు గనక? పొలాల హద్దులకీ తేనెటీగలకీ తన పేరు లేకపోతే పోయింది, ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. ఇప్పుడు తన మాటే దారి చూపించి మనుషుల్ని ఆ పసిగుడ్డు మీదికి పంపింది. తను నోరు మూసుకుని ఉంటే బిడ్డ భద్రంగా ఉండేది. అలాగని మూసుకుని ఉంటే క్రోనే గొంతు మీది వేళ్ళకి సాక్ష్యం లేదు. ఆమె మాట్లాడినా పాపమే, మాట్లాడకపోయినా పాపమే అయ్యేలా ఈ ఇల్లు ఎప్పుడు తయారైంది? ఒక్క రోజులో కాదు. తన మాట ఆయన నోట్లో విని, వెనక వరుసలో నిలబడి మురిసిపోయిన ప్రతి మధ్యాహ్నం ఈ ఇంటికి ఒక్కొక్క గుంజ పాతింది.

మర్నాడు, పురుడు చూడాలని చెప్పి కొండెక్కింది. దారెర్కా గుడిసె ముందు మేకల్లేవు, వట్టి గుంజలున్నాయి. ముసలిది లోపల కూర్చుని, ఓట్స్ గంజిలో ముంచిన గుడ్డను ఓ పసి ఆడపిల్ల నోటికి అందిస్తోంది. రోన్నట్‌ని చూసి బిడ్డను వెనక్కి లాక్కుంది.

"మీ ఆయన పంపాడా? ఎల్లుండి వస్తామన్నారుగా, అప్పుడే ఎందుకొచ్చావ్?"

"ఎవరూ పంపలేదు దారెర్కమ్మా. ఎల్లుండి ఎందుకొస్తారు?"

"పెంపకానికిస్తారంట. ఏ ఊరికో చెప్పరు, ఎవరికో చెప్పరు. అడిగితే, నోరు మూసుకుంటే నీ మేకలు నీకొస్తాయన్నారు." ముసలిది గుడ్డ పిండింది. "ఇక్కడే కన్నది తల్లీ, ఈ గడ్డి మీదే. నొప్పులు పడుతూ మూడుసార్లు చెప్పింది, ఫెర్గిలే తండ్రని. చెప్పమని నేనే అన్నా. రెండో నాడు, అతనికి బిడ్డను చూపిస్తా, ముందు నేనొక్కదాన్నే వెళ్ళి మాట్లాడొస్తా అని దిగింది. వద్దంటే వినలా. మంచోడు దారెర్కా అంది. మంచోడంట!"

రోన్నట్ నేల మీద కూర్చుంది. ఆమె తండ్రి ఫిన్‌టాన్ కూడా తీర్పరే. ఆయన శిష్యుల చేత వల్లె వేయించిన ధర్మాలు, గుమ్మం పక్కన ఉన్ని ఏకుతూ కూర్చున్న కూతురి చెవిన పడ్డాయి. ఆడదాని సాక్ష్యం ఎక్కడా చెల్లదు, ఒక్క పురుడు దగ్గర తప్ప. నొప్పుల్లో ఆమె చెప్పిన తండ్రి పేరు చెల్లుతుంది. దాన్ని విన్నవాళ్ళ మాట చెల్లుతుంది. బాలింత శరీరం మీద మంత్రసాని చూసింది చెల్లుతుంది.

"రేపు సభకి వచ్చి ఇదే చెబుతావా?"

"నా మాట ఎవరింటారమ్మా? నువ్వంటే తీర్పరి భార్యవి."

రోన్నట్ లేచింది. బిడ్డను ఎత్తుకుని, తన శాలువాలో చుట్టి, ముసలిదాన్ని వెంటబెట్టుకుని, కొండ అవతలి వైపు నుంచి దిగింది. సన్యాసినుల మఠంలో తలదాచుకున్న ఓ బాలింతరాలు ఉంది, పాలిస్తుంది. దారిలో ఆమె ఒక్క విషయమే ఆలోచించింది. ఆలోచన తెమిలేసరికి మఠం గంట వినిపించింది. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు.

మూడో పొద్దున వాన వెలిసింది. "అడ్డు చెప్పేవాళ్ళున్నారా?" అని మేనఖ్ మాట వరసకి అడిగి, సమాధానం రాదన్నట్టు కర్ర తీసుకుని లేవబోయాడు. వెనక వరుస నుంచి రోన్నట్ ముందుకి నడిచింది. చంకలో బిడ్డ, పక్కన దారెర్కా.

"ఉన్నాను. మంత్రసానిగా సాక్ష్యం చెప్పాలి."

మేనఖ్ మొహం పాలిపోయింది. "ఇంటికెళ్ళు," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

గార్బాన్ నవ్వాడు. తెలివైనవాడు, ధర్మం తెలిసినవాడు. "ఆమె ఇంటికెళ్ళక్కర్లేదయ్యా, ఎవరూ తిట్టక్కర్లేదు. తీర్పరి ఎదుట తీర్పరి భార్య సాక్ష్యం చెల్లదు. అంతే కదా?"

అంతే. జనంలో గుసగుసలు లేచి అణిగాయి. బెర్రఖ్ ఎక్కడి నుంచో "పరువు తీసిందిరా దేవుడా!" అంటోంది.

"చెల్లదు," అంది రోన్నట్. "కానీ మొగుడూ పెళ్ళాల మధ్య పడక మీది మాటను పరాయివాడి చెవిన వేసిన భర్తని విడిచిపెట్టే హక్కు భార్యకుంది. అదీ ధర్మమే. కొండ మీది మేకల సంగతి గార్బాన్ గారికి ఎవరు చెప్పారో తీర్పరి గారే సభకి చెప్పాలి. చెప్పలేదంటే నేను ఆయన భార్యని, నోరు మూసుకుని ఇంటికెళతాను. చెప్పానంటే ఫిన్‌టాన్ కూతురు రోన్నట్‌ని, ఆయనకి ఏమీ కాను."

మేనఖ్ గార్బాన్ వైపు చూశాడు. గార్బాన్ వేరే వైపు చూశాడు. దువ్వని జుట్టు గాలికి ఆయన మొహం మీద పడుతోంది. దాన్ని తోసుకోలేదు. అబద్ధం చెప్పడానికి ఎంత సమయం కావాలో అంతా ఆమె ఇచ్చింది. బిడ్డ ఒకసారి ఏడ్చి ఊరుకుంది.

"చెప్పాను," అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ. తర్వాత తలెత్తి, ఎదుట ఉన్నది ఎవరో తెలియనివాళ్ళన్నట్టు, పెళ్ళయిన పదకొండేళ్ళలో మొదటిసారి ఆమెని బహువచనంతో పిలిచాడు. "ఫిన్‌టాన్ కూతురు రోన్నట్ గారూ, చెప్పండి."

ఆమె చెప్పింది. శుభ్రంగా ఉన్న అరచేతుల దగ్గర మొదలుపెట్టి వేళ్ళ గుర్తుల దాకా. దారెర్కా గడ్డి మీద విన్న పేరు మూడుసార్లు చెప్పింది. ఫెర్గిల్ పారిపోబోతే క్రోనేతో పాలు పితికిన ఆడవాళ్ళే దారికి అడ్డం నిలబడ్డారు. పిల్లకి తండ్రి వంశం పేరూ, క్రోనే చావుకి హత్య అన్న పేరూ ఆ సాయంత్రానికి దక్కాయి. తీర్పు చెప్పేటప్పుడు మేనఖ్ గొంతు రెండుసార్లు తప్పు చోట ఆగింది. అది ఆయన సొంతంగా చెప్పిన మొదటి తీర్పు.