ఎడమచేతి దాగలి

మా ఆయన చౌడప్పకి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలలూ ఆయనకి నూనె రుద్దాను, స్నానం చేయించాను, సంగటి ముద్ద చేసి పెట్టాను, చిరాకు పడితే పడ్డాను. ఆయన మాట జవదాటింది ఒక్కసారే. మొన్న ఆదివారం ఆయన ఇంట్లో లేని సమయం చూసి దాగలి తిప్పేశాను.

దాగలంటే ఎర్రగా కాల్చిన ఇనుము పెట్టి కొట్టే దిమ్మె. ఒక కొసన కొమ్ములాగా పొడుచుకొచ్చి ఉంటుంది. కుడిచేత్తో సుత్తి పట్టే కమ్మరికి ఆ కొమ్ము ఎడమవైపు ఉండాలి. పట్టకారు ఎడమచేతిలో ఉంటుంది కదా, కొడవలికి వంపు తీసేటప్పుడు ఇనుము ఆ వైపే వాలాలి. చౌడప్పది పుట్టుకతో ఎడమచేయి. అందుకని మా షెడ్డులో కొమ్ము కుడివైపు. కొలిమి, నీళ్లతొట్టి, ఆఖరికి బ్లోయర్ స్విచ్చి కూడా అందరికీ ఉండే చోట ఉండవు. వేరే కమ్మరి ఎవరైనా వచ్చి నిలబడితే తప్పు బస్సెక్కినవాడిలా దిక్కులు చూస్తాడు.

మా మామ గోల్డ్ మైన్లో డ్రిల్ రాడ్లకి మొన తీసే పని చేసినవాడు. కొడుకు ఎడమచేయి మాన్పించాలని కొట్టాడు, వాత కూడా పెట్టాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఏం చేసినా మానకపోయేసరికి ఒకరోజు తనే గడ్డపార తీసుకుని దాగలి తిప్పి, "ఇంగ నీ ఇష్టం, కొట్టుకో పో" అన్నాడంట. చౌడప్ప ఆ మాట ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నాయన తనకి తలవంచింది ఆ ఒక్కసారేనంట.

రోగానికి కూడా పట్టుకోవడానికి ఆ చేయే దొరికింది. ఎడమకాలు కొంచెం తేరుకుంది, కర్ర పట్టుకుని నడుస్తాడు. చేయి రాలేదు. ఆసుపత్రిలో ఇచ్చిన రబ్బరు బంతి ఒళ్లో పెట్టుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుంటాడు. వేళ్లు ముడుచుకోవు, బంతి జారి పడుతుంది, నేను పోయి ఎత్తి ఇస్తాను.

"చేయి వస్తాది. దాగలి ముట్టొద్దు" అంటాడు.

సరేనన్నాను. అన్నీ సరే అని సరే అని నాకు విసుగొచ్చింది. ముప్పై ఏళ్లు ఆయనకి ఎదురుగా నిలబడి సమ్మెట కొట్టినదాన్ని. ఇనుము ఎప్పుడు కాలిందో, ఎప్పుడు నీళ్లలో ముంచాలో నాకు తెలీదా?

రాగి కోతలు దగ్గరపడ్డాయి. బేతమంగళం అవతలి రైతు శ్రీరామప్ప ఏటా లాగే కూలీల కొడవళ్లు కాల్చి సరిచేయమని గోనెసంచిలో కట్టుకొచ్చాడు. వచ్చేవారం రమ్మన్నాడు చౌడప్ప. ఆ వారం పోయింది, ఇంకో వారం అన్నాడు. మూడోసారి శ్రీరామప్ప నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, అంగట్లో రెడీమేడ్ కొడవళ్లు దొరకతాయి. నాకి మనసొప్పక వస్తా ఉండాను. బుధవారం దాకా చూస్తాను" అన్నాడు. ఆ మాట అనడానికి పాపం ఆయనకే సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నం చౌడప్ప కునుకు తీస్తుంటే నేను ఒక కొడవలి కాల్చాను. కొడవలికి సమ్మెట అక్కర్లేదు, చిన్న సుత్తి చాలు. కానీ నాది కుడిచేయి. సుత్తి ఎత్తితే మోచేయి కొలిమికి తగులుతుంది, వంపు తీయాలంటే కొమ్ము అవతలి పక్క ఉంటుంది. చేతుల మీదుగా చేతులు వేసి ఎలాగో తిప్పబోయి ముంజేయి కాల్చుకున్నాను. అన్నం వార్చేటప్పుడు గంజి పడిందని ఆయనకి చెప్పాను.

ఆదివారం మరిది వచ్చి ఆయన్ని బండి మీద ముళబాగిలు దగ్గర ఒక నాటువైద్యుడి దగ్గరికి తీసుకుపోయాడు. పక్కింటి శశికళ బెంగళూరులో గార్మెంట్స్‌కి పోతుంది. వారంలో ఆరు రోజులు తెల్లారకముందే రైల్లో ఉంటుంది. పాపం దానికున్న ఒక్క సెలవూ నేను తినేశాను. ఇద్దరం గడ్డపారలతో దాగలిని అది కూర్చునే చెక్కమొద్దు మీదినించి పక్కన వేసిన పలక మీదికి దొర్లించాం.

"అన్నకి చెప్పినావా అక్కా?"

"చెప్పలేదు."

"వచ్చి అరస్తాడేమో."

"అరవనీ. అరిచేదానికైనా ఓపికుంటే మంచిదే కదా" అన్నాను.

దాగలి తిప్పడమొక్కటే కాదు. చేయి కిందికి వదిలి నిలబడితే దాగలి మన పిడికిలికి అందాలి. ఆయన పొడుగు, నేను పొట్టి. అందుకని మొద్దు పెకలించి గుంత ఇంకా లోతుగా తవ్వాం. తవ్వేసరికి నా నడుము పట్టేసింది. అలాగే నిలబడి పిడికిలి వదిలి కొలుచుకున్నాను, సరిపోయింది. కొమ్ము ఎడమకి తిప్పి దాగలి ఎక్కించేసరికి మూడు దాటింది. శశికళ గుడ్డలు ఉతుక్కోవడానికి పోయింది.

నాలుగింటికి మరిది ఆయన్ని గుమ్మం దగ్గర దింపి వెళ్లిపోయాడు. చౌడప్ప నేరుగా షెడ్డులోకే వచ్చాడు. దాగలి చూసి ఆగాడు. నేను తిట్లకి సిద్ధపడ్డాను.

తిట్టలేదు. మొహం వెలిగింది. "నాకోసరం తిప్పినావా? కుడిచేత్తో నేర్చుకోనీ అనా?" అన్నాడు.

అవునన్నాను. నోరు అలా అనేసింది. నిజం చెప్పి దాని వెనకాల వచ్చేదంతా పడే ఓపిక నాకు లేదు.

ఆయన కర్ర గోడకి ఆనించి, దాగలి పక్కన నిలబడి, కుడి పిడికిలి కిందికి వదిలాడు. పిడికిలికీ దాగలికీ మధ్య ఆరు వేళ్ల ఎడం. ఆ ఎడం వైపే చూస్తూ ఉండిపోయాడు. కమ్మరికి అంతకంటే వేరే చెప్పక్కర్లేదు. నాకు చచ్చిపోవాలనిపించింది.

"ఏమయ్యా, శ్రీరామప్ప కొడవళ్లు..." అన్నాను.

"సుమ్నే ఉండు" అని నా నోరు మూయించాడు.

కర్ర తీసుకుని బయటికి పోయి స్టూలు మీద కూర్చున్నాడు. నేను నేలమీద చతికిలబడ్డాను. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఇంక ఈ షెడ్డు గడప తొక్కడేమోనని భయపడింది ఆరోజే. ఆయన నాయన తిప్పిన దాగలి నేను తిప్పేశాను. తిరిగి పెట్టేద్దామా అనుకున్నాను. ఒక్కదానివల్ల అయ్యే పని కాదు.

కాసేపటికి కర్ర చప్పుడైంది.

"లెయ్యి. వచ్చి నిలబడుకో" అన్నాడు.

దాగలి ముందు నిలబడ్డాను. "ఇట్ల కాదు, నిటారుగా. పిడికిలి ఇడువు." వదిలాను. ఆయన కర్ర పడేసి, కుడిచేత్తో దాగలి పట్టుకుని మెల్లిగా వంగి, నా పిడికిలి కింద వేళ్లు పెట్టి చూశాడు. రెండు వేళ్లు పట్టాయి.

"తవ్వీ తవ్వీ నడుము వంగిపోయినప్పుడు కొలుచుకున్నావు కదా?"

నేను నడుము మీద చేయి వేసుకున్నాను.

"శానా దించేసినావే. దీనిమింద పని చేస్తే ఒక కోతకే నీ నడుము పోతాది. అలిసిపోయిన మనిషి ఎత్తు ఎత్తు కాదు." దాగలి పట్టుకుని మెల్లిగా పైకి లేచాడు. "'నాకోసరమే తిప్పుకున్నా' అని చెప్పింటే పోయేది కదా, ఆ అబద్ధం దేనికి? సరే పో. పోయి పండుకో. తెల్లారి మొహం కడుక్కోని వచ్చి నిలబడుకుంటే కొలస్తాను. దాగలి కింద చెక్క పెడదాం."

"ఇంకా పొద్దుంది. నీకు సంగటి చేయల్ల."

"ఒకపూట సంగటి లేకపోతే చచ్చిపోను. పండుకో పో."

ఎనిమిది నెలల్లో నన్ను పడుకోమన్న మనిషి లేడు. ఆయన ముందే, నిలబడ్డచోటే, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేశాను.